వంటింటి మాటలు దిద్దిన ఏడాది

ఇండోనేషియా భాష మీకెలా వచ్చిందండీ అని అడగనివాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. తెలుగావిడ, అందులోనూ సామర్లకోట ఆవిడ, షార్జాలో కూర్చుని జావా వాళ్ల భాషకు పాఠాలు చెప్పడమేమిటని వాళ్ల అనుమానం. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. మా ఆయన స్పిన్నింగ్ మిల్లు మనిషి. పెళ్లయిన మరుసటి ఏడు నన్ను పశ్చిమ జావాలో ఒక మిల్లు క్వార్టర్స్‌లో దింపి, తను షిఫ్టుకు వెళ్లిపోయాడు. బజారుకు వెళ్లి వంకాయలు అడగాలన్నా భాష కావాలి కదా. అలా కూరగాయలతో మొదలుపెట్టి, పిల్లల బడి, ఇరుగుపొరుగు తగాదాల మీదుగా నా వయసు సగం ఆ భాషలోనే గడిపాను. ఆ మిల్లు మూతబడ్డాక ఆయనకు షార్జాలో ఉద్యోగం దొరికింది. నాకు అక్కడే, అల్ నహ్దాలో, ఒక కెఫెటేరియా పై అంతస్తులో నడిచే భాషల శిక్షణ కేంద్రంలో దొరికింది.

ఇప్పుడు అన్నీ మానేసి కాకినాడలో ఉంటున్నాను. విదేశీ భాషలు నేర్పే ఉద్యోగంలోకి వస్తున్న మీలాంటి పిల్లలు కొందరు, మీ అనుభవాలు రాయండి మేడమ్ అని వెంటపడుతున్నారు. నా దగ్గర చదువుకుని జకార్తాలో మేనేజర్లయిన వాళ్ల గురించి రాయొచ్చు. దానివల్ల నాకు తృప్తే తప్ప మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని ఒక్క విద్యార్థిని గురించి రాస్తున్నాను. ఆవిడకు మేము చాలా బాగా చెప్పాం. ఇప్పటికీ ఆ పాఠాల్లో ఇది తప్పు అని వేలు పెట్టి చూపించలేను. నా బాధంతా అదే.

మా కేంద్రాన్ని నడిపేది ఒక హైదరాబాదీ. మనిషి మంచివాడే కానీ క్లాసులో కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఆయనకు అన్నం సయించేది కాదు. విద్యార్థుల్లో ఎక్కువమంది బొగ్గు వ్యాపారం వాళ్లు. దుబాయ్‌లో హుక్కా పీల్చేవాళ్లకు కావలసిన కొబ్బరి చిప్పల బొగ్గు ఇండోనేషియా నుంచి వస్తుంది. ఆ కంపెనీల కొనుగోలు మనుషులకు నాలుగు బేరాల మాటలు వస్తే చాలు. నేను మాత్రం బేరం కన్నా ముందు మర్యాద నేర్పేదాన్ని. ఆ ఇంటివాళ్లు తీసుకోండి అనేదాకా టీ కప్పు ముట్టుకోకూడదని, ఎడమ చేత్తో ఏదీ అందించకూడదని, గొంతు పెంచితే పని చెడుతుందని, వాళ్లు నవ్వుతూ 'చూద్దాం' అంటే సరుకు రాదని అర్థమని చెప్పేదాన్ని.

"మరి సరుకు రాకపోతే ఎలా తిట్టాలి మేడమ్?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"నవ్వుతూ తిట్టాలి నాయనా," అన్నాను.

నాతోపాటు పాఠాలు చెప్పే ఆవిడ ఇండోనేషియా మనిషే. జావా నడిమధ్యన సోలో అని ఒక ఊరుంది, రాజుల కాలం నుంచీ మర్యాదకు పేరుపడ్డ ఊరు. ఆవిడది అక్కడ. ఆవిడ తలుపు వేస్తే చప్పుడయ్యేది కాదు. నేను వాక్యాలు చెబితే ఆవిడ ఉచ్చారణ, పద్ధతులు చెప్పేది. ఎవరైనా తప్పుగా మాట్లాడితే కసిరేది కాదు, దిద్దేది కూడా కాదు. చేతిలోని పెన్సిల్‌తో బల్ల మీద ఒక్కసారి మెల్లగా తట్టేది, అంతే. ఆ చిన్న చప్పుడుకు మీసాలున్న సేల్స్ మేనేజర్లు కూడా నాలిక కరుచుకునేవారు. ఆ పద్ధతి నాకు భలే నచ్చేది. నేనూ ఒక పెన్సిల్ కొనుక్కున్నాను కానీ నా చేతిలో అది దరువులా మోగేది, మానేశాను.

కరోనా వెనకబట్టిన తరువాతి ఏడాది, ఒక ఆదివారం మా హైదరాబాదీ మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, మీ దిక్కు ఆమె ఒకామె కింద కూసుంది. ఇండోనేషియా నేర్సుకుంటదంట. రాస్ అల్ ఖైమాల అరబ్బోళ్లింట్ల వంట చేస్తదంట. దీనికేం కామ్ అని అడిగితే ఏడుస్తుంది. మీరే మాట్లాడుండ్రి."

వచ్చింది మండపేట పక్క పల్లెటూరి మనిషి. నలభై దాటి ఉంటాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"టీచరమ్మగారూ, నాకు బొగ్గూ వద్దు, యాపారమూ వద్దండి. ఒక్క ఫోను మాటాడేటంత నేర్పండి చాలు. మా అక్క ఉందండి ఆ దేశంలో."

"అక్కంటే?"

"తోడబుట్టింది కాదండి. అంతకన్నా ఎక్కువే."

ఆ తర్వాత కూర్చుంది, చెప్పింది. ఆ అక్క జావా పల్లెటూరి మనిషి, ఈవిడ కన్నా పెద్దది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే వంటింట్లో పనిచేశారు. కరోనా రోజుల్లో ఈవిడకు జ్వరం తగిలితే ఇంటివాళ్లు గేటు పక్క గదిలో పడుకోబెట్టారు. ఎవరూ అటు వెళ్లొద్దని మేడమ్ ఆర్డరు. ఆ అక్క మాత్రం రోజూ మధ్యాహ్నం ఆ గది బయట బకెట్ బోర్లించుకుని కూర్చుని, ఇంట్లో కబుర్లన్నీ తలుపులోంచి అరిచి చెప్పేదట. తినకుండా పళ్లెం అలాగే ఉంచితే, తింటావా నన్ను లోపలికి రమ్మంటావా అని బెదిరించేదట. ఆ అరుపులకే బతికానని ఈవిడ అంటుంది.

ఆ తర్వాతి ఏడు అక్క ఊరికి వెళ్లిపోవాలనుకుంది. ఆ మాట ముందు మేడమ్‌కు చెప్పి, తర్వాత ఈవిడకు చెప్పింది.

"నాకు చెప్పకుండా మేడమ్‌కి చెప్తాదా అని నాకు రోషం వచ్చిందండి. ఎల్లే రోజున బట్టలుతికే గదిలోకి పోయి తలుపేసుకున్నాను. వచ్చి తలుపు కొట్టిందండి. మిషన్ చప్పుడుకి ఇనపడనట్టు ఊరుకున్నాను. డ్రైవరు హారన్ కొట్టాడండి. ఎల్లిపోయింది."

ఏడాది తిరక్కుండానే ఆ అక్కకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, చూపు మందగించింది, మాట ముద్దయింది. ఫోను కూతురి చేతిలోకి పోయింది. ఆ పిల్లకు అరబ్బీ రాదు, హిందీ రాదు. ఈవిడ ఫోన్ చేసి తన ధోరణిలో అరిస్తే, ఎవరో ఏమిటో తెలియక పెట్టేసేది. చివరికి ఈవిడ నంబరు కనిపిస్తే ఎత్తడమే మానేసింది.

"తలుపు తియ్యనందుకు ఏమనుకోకే అని ఒక్క మాట చెప్పాలండి. ఆవిడ పోయేలోగా, మధ్యలో ఎవరూ లేకుండా నా నోటితోనే చెప్పాలండి. నాకింకేమీ వద్దు."

మీరిద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవారని అడిగాను. దాంతో మనిషి ముఖం విప్పారింది. కూర్చున్న చోటే ఆ వంటిల్లంతా ఆడి చూపించింది. "మకాన్ ఖలాస్? యల్లా, తీదుర్!" తిండి అయిందా, ఇక పడుకో అని. మకాన్, తీదుర్ ఇండోనేషియా మాటలు, మిగిలినవి అరబ్బీ. వాటి నడుమ హిందీ, వాటి మీద గోదావరి జిల్లా తిట్లు. "నీ మొకం మండా అనడం కూడా నేర్సేసుకుందండి. నాకంటే బాగా అంటాది. నన్ను పిలవడం కూడా తెలుగులోనేనండి, చెల్లీ అని." నేను కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. నా సహోద్యోగిని నవ్వలేదు. నాతో తన భాషలో మెల్లగా అంది.

"ఈ మాటలతో ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎవరో పిచ్చివాళ్లనుకుంటుంది. మర్యాదగా అడిగితే మా ఊళ్లలో తెరుచుకోని తలుపు ఉండదు."

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. రంజాన్ పండగ దాకా ఆగుదామన్న ఆలోచన కూడా ఆవిడదే. ఆ రోజు వాళ్ల దేశంలో చిన్నవాళ్లు పెద్దల దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద తల ఆనించి, పైకి చేసిన తప్పులూ మనసులో చేసిన తప్పులూ మన్నించమని అడుగుతారు. దానికి ఒక వాక్యం ఉంది, 'మొహోన్ మాఫ్ లాహిర్ బాతిన్' అని. ఆ రోజు అడిగితే ఏ కూతురూ ఫోన్ ఇవ్వనని అనదు. నాకూ అది ఎంతో సబబుగా తోచింది. ఈవిడకు కావలసింది క్షమాపణ, ఆ పండగే క్షమాపణల పండగ. గంతకు తగ్గ బొంత అనుకున్నాను.

ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చేది. రాతతో పనిలేదు, అంతా చెవితోనే నేర్చుకుంది. బొగ్గు కంపెనీ కుర్రాళ్లు నెలలో పట్టుకోలేనిది ఈవిడ రెండు ఆదివారాల్లో పట్టేసేది. అసలు చిక్కు గొంతుతో వచ్చింది. గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కేకేసే గొంతు అది. జబ్బుమనిషి ఉన్న ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఆ ఊళ్లలో గొంతు బాగా తగ్గించాలి, నవ్వకూడదు, గబగబా మాట్లాడకూడదు. పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతోందనుకుని మాట్లాడు అని నా సహోద్యోగిని కూర్చోబెట్టి నేర్పింది. ఖలాస్ అంటే పెన్సిల్ చప్పుడు. యల్లా అంటే పెన్సిల్ చప్పుడు. గొంతు లేస్తే మళ్లీ చప్పుడు.

"అమ్మా, ఇంట్లో మేడమ్‌తో అరబ్బీ మాటాడుతున్నా ఆ టక్కుమన్న సప్పుడు ఇనపడతందండి," అని ఒకసారి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

చలికాలం వెళ్లేసరికి ఆవిడ మాటలో అరబ్బీ ముక్క ఒక్కటి మిగల్లేదు. గొంతు మల్లెపూవంత అయింది. కొత్తగా చేరడానికి ఎవరొచ్చినా మా హైదరాబాదీ ఆవిడ్ని పిలిచి మాట్లాడించేవాడు. "సూడుండ్రి, వంట చేసే ఆమె గిట్ల మాట్లాడుతది. మీరు ఎంబీయే చదివిండ్రు," అని వాళ్లను ఎగదోసేవాడు. మేమిద్దరం పైకి వారించినా లోపల పొంగిపోయేవాళ్లం. పాఠం చెప్పేవాళ్లకు ఉండే దురద అది, మీకూ వస్తుంది.

పండగకు కొన్నాళ్ల ముందు నా ఫోన్ నుంచి కూతురికి చేయించాం. మొదటి వాక్యం సోలో ఆవిడే కూర్చింది. వాళ్ల పద్ధతిలో 'నేను ఫలానా, నేను ఇది చేశాను' అని తనను తాను ముందుకు తోసుకోవడం మర్యాద కాదు. అందుకని, "మీ అమ్మగారు పనిచేసిన ఇంటి నుంచి మాట్లాడుతున్నాను" అని మొదలుపెట్టింది ఈవిడ. పండగ రోజున అమ్మగారికి శుభాకాంక్షలు చెప్పే భాగ్యం కలిగించమని అడిగింది. అవతల ఆ పిల్ల కరిగిపోయింది. అయ్యో తప్పకుండా, నమాజు నుంచి వచ్చాక నేనే అమ్మ చెవి దగ్గర ఫోన్ పెడతాను, తను ఎక్కువ మాట్లాడలేదు కానీ వింటుంది అని చెప్పింది. ఫోన్ పెట్టగానే మా విద్యార్థిని నన్ను వాటేసుకుంది. మా హైదరాబాదీ కింద నుంచి అందరికీ కరక్ టీ తెప్పించాడు.

పండగనాడు కేంద్రానికి సెలవు. మా కోసం గది తెరిపించాం. తెల్లవారకముందే లేచి ఆ ఇంటి వంటంతా ముగించి, డ్రైవర్ని బతిమాలుకుని వచ్చింది ఆవిడ. కొత్త చీర కట్టుకుంది. ఫోన్‌లో చూసేదెవరు అన్నాను. "అక్క దగ్గరికి ఎల్తన్నట్టుందండి," అంది. ఆ ఊరికి వీడియో కాల్ కలవదు, మామూలు ఫోనే. బల్ల మీద స్పీకర్ పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం.

కూతురు ఎత్తింది. ఇదిగో అమ్మకు ఇస్తున్నానంది. అవతల గరగరమని ఊపిరి వినిపించింది. మా విద్యార్థిని కళ్లు మూసుకుని, నేర్పిన గొంతుతో, నేర్పినట్టుగా, పండగ శుభాకాంక్షలు చెప్పి ఆ క్షమాపణ వాక్యం అంది. ఒక్క అక్షరం తొణకలేదు.

అవతల నుంచి ముద్ద మాటలతో అదే వాక్యం తిరిగి వచ్చింది. "మొహోన్ మాఫ్ లాహిర్ బాతిన్, న్యోన్యా."

ఇక్కడ మీకు రెండు సంగతులు చెప్పాలి. ఆ రోజున ఆ దేశంలో ఆ వాక్యాన్ని అందరూ అందరికీ చెబుతారు. పాలవాడు చెబుతాడు, బ్యాంకు వాళ్లు మెసేజ్ పంపుతారు. దానికి బదులు కూడా అదే వాక్యం. ఎవరూ ఆగి, దేనికి మన్నించమంటున్నావని అడగరు. ఎవరైనా నిజంగా ఒక తప్పుకు క్షమాపణ అడగదలిస్తే, ఆ మాట వినపడకుండా పోయే రోజు ఏదైనా ఉంటే అది ఆ పండగ రోజే. అన్నేళ్లు ఆ దేశంలో పండగ చేసుకున్నదాన్ని, నాకు తట్టలేదు. రెండోది, న్యోన్యా అంటే అక్కడ పనిమనుషులు ఇంటి యజమానురాల్ని పిలిచే పిలుపు. ఆ సంగతి మా విద్యార్థినికీ తెలుసు.

ఆవిడ కళ్లు తెరిచింది. ముఖంలోకి నెత్తురంతా వచ్చింది. నోరు తెరిచి, పాత గొంతుతో, "ఒసే..." అంది.

బల్ల మీద పెన్సిల్ టక్కుమంది.

సోలో ఆవిడ కావాలని తట్టలేదు. తట్టాక తనే ఉలిక్కిపడడం నేను చూశాను. గొంతు లేచింది, చెయ్యి కదిలింది, అలవాటు. కానీ మా విద్యార్థిని బడిపిల్లలా ఆ మాట మింగేసింది. గొంతు తగ్గించి, పాఠంలో తరువాతి వాక్యం అందుకుంది. "మీ ఆరోగ్యం ఎలా ఉందండీ?"

"అల్‌హందులిల్లా, న్యోన్యా."

కేకెయ్యవే, నీ గొంతుతో నువ్వు మాట్లాడు అనాలని నాకు నాలిక చివరి దాకా వచ్చింది. నేను సోలో ఆవిడ వైపు చూశాను, ఆవిడ ఏమైనా అంటుందేమోనని. ఆవిడ నా వైపు చూస్తోంది, నేను అంటానేమోనని. పెద్దావిడవు ముందు నువ్వు, కాదు నీ దేశం భాష ముందు నువ్వు అన్నట్టు ఒకరికొకరం మర్యాద ఇచ్చుకుంటూ ఉండగానే కూతురు వచ్చి, అమ్మ అలసిపోయింది, మీ మంచి మనసుకు ధన్యవాదాలు అని పెట్టేసింది.

ఆవిడ ఫోన్‌ను నా వైపు జరిపింది.

"అక్క నన్ను మేడమ్ అనుకుందండి," అంది ఆవిడ. "మళ్లీ కలపండమ్మా. ఒక్కసారి."

పండగపూట ఇంటి నిండా చుట్టాలుంటారు, వెంటనే మళ్లీ చేస్తే వాళ్లను ఇబ్బంది పెట్టినట్టవుతుందని సోలో ఆవిడ అంది. అదీ నిజమే. ఆ రోజు మేము చేసిందంతా సబబే. నేను ఆ మాట తెలుగులో చెప్పి, "వచ్చే ఆదివారం చేద్దాం. ఈసారి ఈ పాఠాలన్నీ పక్కనపెట్టు, నువ్వు నీలాగే మాట్లాడు," అన్నాను.

"అలాగేనండి. ఈసారి తిట్టేత్తాను," అని కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. కింద డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. వెళ్లిపోయింది.

ఆ వారమంతా నేను నిశ్చింతగా ఉన్నాను. చిన్న పొరపాటు జరిగింది, దిద్దుకుంటాం అనుకున్నాను. తప్పును దిద్దడమే కదా ఇన్నాళ్లూ నేను చేసిన ఉద్యోగం. దానికి వ్యవధి ఉంటుందని నా ధీమా.

ఆదివారం ఉదయం నేను ఇంట్లో బయలుదేరుతుండగా ఆ కూతురి నుంచి నా ఫోన్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. మెట్లెక్కేసరికి మా విద్యార్థిని అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ఏం తిట్లు తిట్టాలో సోలో ఆవిడకు వివరిస్తోంది. ఆవిడ అర్థం కాకపోయినా తలూపుతోంది, పాపం నవ్వుతోంది కూడా. నేను ఫోన్ బల్ల మీద పెట్టి, అప్పటికే విన్న ఆ మెసేజ్ నొక్కాను.

ఆ పిల్ల గొంతు నెమ్మదిగా ఉంది. అమ్మ నిన్న పోయిందని, పండగనాడు పెద్ద మనసుతో ఆమెను తలుచుకున్న న్యోన్యాకు ఇంటిల్లిపాదీ నమస్కారాలని చెప్పింది. తరువాత అంది. "ఒక చిన్న విన్నపం. పండగ రోజు సాయంత్రం నుంచీ అమ్మ ఒకటే మాట అడుగుతూ ఉండేది. చెల్లి ఈసారి కూడా ఫోన్ చెయ్యలేదా అని. చెల్లి అని మాకు తెలిసిన వాళ్లెవరూ లేరు. బహుశా మీ ఇంట్లో పనిచేసే మనిషి అయి ఉంటుంది. న్యోన్యాకు ఆమె తెలిస్తే, అమ్మ చివరి దాకా ఆమె ఫోన్ కోసం చూసిందని దయచేసి చెప్పండి."

"చెల్లి అంటే ఎవరు?" అని తెలుగు రాని సోలో ఆవిడ నన్ను అడిగింది. మా విద్యార్థినికి నేను అనువాదం చేసి చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్క మాట పొల్లుపోకుండా ఆవిడకు అర్థమైంది. మేము నేర్పిన భాషే కదా.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బల్ల మీది ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"నువ్వేనని చెప్పమ్మా," అన్నాను. "చెల్లి నేనేనని చెప్పు."

"వద్దండి. పండగపూట తన చేత్తోటే ఫోను పట్టుకుని వాళ్లమ్మకి ఇచ్చిందండి ఆ పిల్ల. అది నేనేనని తెలిత్తే జన్మంతా ఏడుత్తాది. ఎందుకండి."

బటన్ నొక్కింది. గొంతు తగ్గించి, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, ఇండోనేషియాలో మాట్లాడింది.

"ఆమె నాకు తెలుసు. మీరు చెప్పమన్నది ఆమెకు చెబుతాను. మీ అమ్మగారి ఆత్మకు శాంతి కలగాలి."

పంపించి, ఎలా ఉందన్నట్టు మా ఇద్దరి వైపూ చూసింది. అందులో దిద్దడానికి మాకు ఒక్క తప్పు కూడా దొరకలేదు.